వార్ధక్యంలో దేహశుద్ధి: ఆశ్రమాలలోని పెద్దల ఆలనాపాలన

పసిబిడ్డకు నీళ్ళు పోయడం మన ఇళ్ళలో ఒక విద్య. నూనె అంటడం, నలుగు పెట్టడం, చాచిన కాళ్ళపై పడుకోబెట్టుకుని గోరువెచ్చని నీళ్ళు పోయడం, సాంబ్రాణి పొగ పట్టడం వంటివన్నీ అమ్మమ్మలు కూతుళ్ళకు చేయి పట్టి నేర్పారు. ఎనభై ఏళ్ళు దాటి మంచం పట్టిన తల్లికో తండ్రికో ఏ విధంగా స్నానం చేయించాలన్నది మాత్రం మనకు ఎవరూ నేర్పలేదు. పూర్వం ఆ అవసరం కొద్ది కుటుంబాలకే వచ్చేది. నేడు ఆయుర్దాయం పెరిగింది. పిల్లలు ఉద్యోగరీత్యా దూరప్రాంతాలలో స్థిరపడుతున్నారు. తత్ఫలితంగా వృద్ధాశ్రమాలు, నర్సింగ్ సదుపాయం గల సంరక్షణ గృహాలు మన పట్టణాలలో వెలిశాయి. నిరాధారులైన వృద్ధుల కోసం జిల్లాకొక ఆశ్రమమైనా ఉండాలన్న భావన 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో కూడా చోటు చేసుకున్నది.

వైద్యునిగా నేను అటువంటి ఆశ్రమాలకు వెళ్ళి అక్కడి పెద్దలను పరీక్షిస్తూ ఉంటాను. బంధువులు నన్ను అడిగే ప్రశ్నలు సాధారణంగా ఆహారం గురించి, రక్తపోటు గురించి, మందుల గురించి. స్నానం గురించి అడిగేవారు అరుదు. కాని మంచాన పడిన వృద్ధుల ప్రాణాలకు ముప్పు తెచ్చే వాటిలో పడకపుండు, ఊపిరితిత్తులకు సోకే న్యుమోనియా, మధుమేహ రోగుల పాదాలలో కుళ్ళు ముఖ్యమైనవి. ఈ మూడింటిలో రెండింటిని అందరికంటె ముందుగా చూడగలిగినది నీళ్ళు పోసే చేయి. మూడవదానిని కొంతవరకు నివారించగలిగినది పళ్ళు తోమించే చేయి. కాబట్టి దేహశుద్ధిని కేవలం అలంకారంగానో, మొక్కుబడిగానో చూడరాదు. అది ప్రతిదినం జరిగే వైద్య పరీక్ష అని గుర్తించాలి.

వార్ధక్యంలో చర్మ స్వభావం

ఆకలి, దప్పిక, నిద్ర, మృత్యువులతో పాటు జరను కూడా సుశ్రుతుడు స్వాభావిక వ్యాధులలో చేర్చాడు. వార్ధక్యంలో వాతం ప్రబలుతుందని ఆయుర్వేద సిద్ధాంతం. వాతానికి రూక్షత, శీతలత్వం, చలత్వం గుణాలు. వృద్ధుల చర్మం పొడిబారడం, చలికి తట్టుకోలేకపోవడం, కీళ్ళు పట్టుకుపోవడం ఈ గుణాలకు అనుగుణమైన లక్షణాలే. ఆధునిక వైద్యం దీనినే వేరొక భాషలో చెబుతుంది. వయస్సు పెరిగిన కొద్దీ చర్మంలోని తైలగ్రంథుల స్రావం తగ్గుతుంది. పై పొర పలుచబడుతుంది. చర్మం కింద ఉండే కొవ్వు కరిగిపోతుంది. అందువల్ల యువకునికి హాయినిచ్చే గరుకు పీచు వృద్ధుని ముంజేతిపై చర్మాన్ని చీల్చివేయగలదు. మనకు గోరువెచ్చగా తోచిన నీరు వారికి చురుక్కుమనవచ్చు.

అభ్యంగం: ఎక్కడ మేలు, ఎక్కడ కీడు

వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో అభ్యంగం జరను, శ్రమను, వాతాన్ని హరిస్తుందని చెప్పి, శిరస్సు, చెవులు, పాదాలపై ప్రత్యేక శ్రద్ధ చూపమన్నాడు. ఆశ్రమవాసులకు వారానికి రెండు మూడు సార్లయినా నూనె పట్టించడం మంచిది. చలికాలంలో నువ్వుల నూనె, వేసవిలో కొబ్బరినూనె అనుకూలం. నూనెను నేరుగా మంటపై కాచరాదు. నూనె గిన్నెను వేడినీటి పాత్రలో కొద్దిసేపు ఉంచితే చాలు. అరచేతితో మెల్లగా, వెంట్రుకలు మొలిచిన దిశగా రాయాలి. ఇరవై నిమిషాల అనంతరం స్నానం చేయించాలి.

అభ్యంగం కూడదన్న సందర్భాలు కూడా ఉన్నాయి. అజీర్ణంతో బాధపడుతున్నవారికి, కఫం పెరిగి దగ్గు, ఆయాసాలతో ఉన్నవారికి శాస్త్రమే నిషేధించింది. దీనికి మరి రెండు జాగ్రత్తలు చేర్చాలి. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ కాలిని మర్దించరాదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. మర్దనతో ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. అదేవిధంగా మంచాన ఉన్నవారి తుంటిపైన, మడమపైన ఎర్రని మచ్చ కనబడితే దానిపై నూనె పోసి రుద్దడం చాలామందికి అలవాటు. రక్తప్రసారం పెరుగుతుందని వారి నమ్మకం. నిజానికి అప్పటికే నలిగి ఉన్న ఆ కండ ఆ రాపిడితో మరింత దెబ్బతింటుంది.

చెవుల విషయంలో కూడా మితం పాటించాలి. చెవి వెనుక, తమ్మెలకు నూనె రాయవచ్చు. కర్ణభేరికి రంధ్రం ఉన్నదో లేదో తెలియనిదే చెవిలో నూనె పోయరాదు. గుబిలి తీయడానికి పిన్నీసులు, అగ్గిపుల్లలు వాడరాదు.

పాదాభ్యంగం రాత్రి పడుకునే ముందు మంచంపైనే చేసి, అరికాళ్ళను పొడిబట్టతో శుభ్రంగా తుడవాలి. జిడ్డు పాదాలతో లేచి నడిచి, జారిపడి, తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేవని వారెందరో ఉన్నారు.

స్నాన విధి

వేడినీరు కంఠం దిగువ భాగానికి బలాన్నిస్తుందని, తలకు పోసుకుంటే కేశాలకు, నేత్రాలకు బలహీనత కలిగిస్తుందని వాగ్భటుని మాట. కనుక శరీరానికి వెచ్చని నీరు, తలకు గోరువెచ్చని నీరు ఉపయోగించాలి. వేడిని మోచేతితో చూడాలి. వేళ్ళకు తెలియని చురుకు మోచేతికి తెలుస్తుంది. ముందు పాదాలపై పోసి, వారికి సమ్మతమైన తరువాతనే పైకి రావాలి. భోజనం చేసిన వెంటనే, విరేచనాలు అవుతున్నపుడు పూర్తి స్నానం చేయించరాదు. ఆ రోజు తడిబట్టతో ఒళ్ళు తుడిస్తే సరిపోతుంది.

స్నానాలగదిలో నాలుగు వస్తువులు తప్పనిసరి. జారని రబ్బరు చాప, బరువైన కుర్చీ, గోడకు గట్టిగా బిగించిన పట్టుకడ్డీ, చేతికి అందే దూరంలో తువ్వాలు. నీళ్ళు, బట్టలు, నలుగు అన్నీ సిద్ధం చేసుకున్న తరువాతనే పెద్దవారిని లోనికి తీసుకురావాలి. మరచిన వస్తువు కోసం వారిని ఒంటరిగా వదలి బయటకు వెళ్ళరాదు.

ప్రతిదినం ఒళ్ళంతా సబ్బు రాయడం వృద్ధుల చర్మానికి అనవసరం. ముఖం, చంకలు, గజ్జలు, స్త్రీలలో స్తనాల కింది మడతలు, పాదాలు మాత్రం నిత్యం శుభ్రపరచాలి. మిగిలిన శరీరానికి వారానికి రెండు సార్లు ఈ మృదువైన సున్నిపిండి వాడవచ్చు.

పెసరపిండి 4 భాగాలు, శనగపిండి 2 భాగాలు, వట్టివేరు పొడి అర భాగం, కచ్చూరాల పొడి అర భాగం, కస్తూరి పసుపు పావు భాగం తీసుకోవాలి. అన్నింటిని కలిపి, పలుచని బట్టలో వస్త్రగాళితం పట్టి గాజుసీసాలో భద్రపరచుకోవాలి. వాడేటపుడు పాలతో గాని నీళ్ళతో గాని పలుచగా కలపాలి. జల్లించకుండా వాడితే గరుకు రేణువులు చర్మాన్ని గీరుతాయి. ఎక్కడా రుద్దకుండా పూసి కడిగివేయాలి. మడతలలో పిండి మిగిలిపోతే పులిసి దురద పుడుతుంది. పుండ్లపైన, పగుళ్ళపైన సున్నిపిండి పూయరాదు.

తువ్వాలుతో రుద్దకుండా అద్దుతూ తుడవాలి. ఒంటిపై కొద్దిపాటి తడి ఉండగానే చేతులకు, కాళ్ళకు పలుచగా కొబ్బరినూనె రాస్తే ఆ తేమ నిలుస్తుంది. మడతలలో పౌడరు చల్లడం వలన అది చెమటతో కలిసి గడ్డకట్టి ఒరిపిడి కలిగిస్తుంది. అక్కడ తడి లేకుండా ఆరబెట్టడమే ఉత్తమం.

స్నానానికి సమ్మతించని పెద్దలు

మతిమరుపు వ్యాధి సోకిన పెద్దలు స్నానమంటే కేకలు వేయడం, కొట్టబోవడం ఆశ్రమాలలో నిత్యం చూస్తాను. ఆయాలు దీనిని మొండితనమంటారు. ఆ పెద్దావిడ స్థానంలో నిలిచి ఆలోచిస్తే సంగతి వేరుగా కనిపిస్తుంది. ఎవరో తెలియని మనిషి వచ్చి, మాట చెప్పకుండా చీర విప్పి, తలపై నీళ్ళు కుమ్మరిస్తే ఎవరు మాత్రం కేకలు వేయరు?

అమెరికాలోని ఆరెగాన్, ఉత్తర కరోలినా రాష్ట్రాలలో 15 నర్సింగ్ గృహాలలో ఇటువంటి 73 మందిపై జరిగిన ఒక పరిశోధన 2004లో వెలువడింది. స్నానాన్ని ఆ వ్యక్తి అలవాట్లకు, ఇష్టాలకు తగినట్లు మార్చినపుడు, లేదా పడకపైనే వెచ్చని తడి తువ్వాళ్ళు కప్పి ఒక్కొక్క అవయవాన్ని తుడిచినపుడు వారి ఆగ్రహ చేష్టలు సగానికి పైగా తగ్గినట్లు అందులో తేలింది. మన ఆశ్రమాలలో దీనిని ఆచరించడానికి ఖర్చు లేదు. పెద్ద తువ్వాలు కప్పి ఉంచి, తుడుస్తున్న భాగాన్ని మాత్రమే తెరవాలి. ప్రతి పనికి ముందు "అమ్మగారూ, ఇప్పుడు వీపు తుడవనా?" అని అడగాలి. స్త్రీలకు స్త్రీలే స్నానం చేయించాలి. జీవితమంతా తెల్లవారుజామున స్నానం చేసినవారికి మధ్యాహ్నం పన్నెండింటికి స్నానం అనేదే ఒక అవమానం. "స్నానానికి పదండి" అంటే మొరాయించేవారు "కాళ్ళు కడుక్కుందాం రండి" అంటే వస్తారు. ఆనాటికి ససేమిరా అంటే వదలివేయాలి. ఒక పూట స్నానం లేకపోతే ప్రమాదం లేదు.

స్వయంగా చేయగలిగినది వారిచేతనే చేయించడం మరొక సూత్రం. ఒక ఆశ్రమంలో పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయులొకరు ఉన్నారు. చేయి వణుకుతున్నా అద్దం ముందు కూర్చుని స్వయంగా గడ్డం చేసుకుంటారు. ఆయనకు ఇరవై నిమిషాలు పడుతుంది. సహాయకుడు చేస్తే మూడు నిమిషాలలో ముగుస్తుంది. నేను ఆ సహాయకునికి చెప్పినది ఒక్కటే. బ్లేడు బిగించి ఇవ్వు, వెలుతురు చూపించు, పక్కన నిలబడు. ఆ ఇరవై నిమిషాలు ఆయన చేతివేళ్ళకు వ్యాయామం, మనస్సుకు నిబ్బరం. అంతా చేసిపెట్టిన చేతులు త్వరలోనే ఏమీ చేయలేని చేతులవుతాయి.

ముఖప్రక్షాళన

ఆశ్రమాలలో ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేది నోరు. నోటిలో పెరిగిన సూక్ష్మజీవులు లాలాజలంతో పాటు పొరపాటున శ్వాసనాళంలోకి జారి న్యుమోనియా కలిగిస్తాయి. జపానులోని 11 నర్సింగ్ గృహాలలో జరిగి 2002లో ప్రచురితమైన అధ్యయనంలో, ప్రతి భోజనానంతరం సిబ్బంది పళ్ళు శుభ్రపరచిన వారిలో రెండేళ్ళలో 11 శాతం మందికి న్యుమోనియా రాగా, ఆ సేవ లేనివారిలో 19 శాతం మందికి వచ్చింది.

పళ్ళు ఉన్నవారికి ఉదయం, రాత్రి మెత్తని బ్రష్‌తో తోమించాలి. వదులైన పళ్ళకు వేపపుల్ల తగదు. పుక్కిలించగలిగినవారికి త్రిఫల కషాయం శ్రేష్ఠం. ఒక చెంచా త్రిఫల చూర్ణాన్ని రెండు గ్లాసుల నీటిలో మరిగించి, ఒక గ్లాసు మిగిలినపుడు వడకట్టి, గోరువెచ్చగా వాడాలి. అది లేనపుడు ఉప్పునీరు చాలు. మింగడంలో ఇబ్బంది ఉన్నవారిచేత, పక్షవాతం వచ్చినవారిచేత, సగం మగతలో ఉన్నవారిచేత పుక్కిలింపించరాదు. తైల గండూషం అసలే కూడదు. ఆ ద్రవం ఊపిరితిత్తులలోకి పోతుంది. వారిని కూర్చుండబెట్టి గాని, పక్కకు తిప్పి గాని, తడిపి పిండిన గాజుగుడ్డను వేలికి చుట్టి చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపలి భాగం తుడవాలి. పెదవులకు కొద్దిగా వెన్న గాని నెయ్యి గాని రాస్తే పగలవు.

కట్టుడు పళ్ళను రాత్రి తీసి, తోమి, మంచినీటిలో ఉంచాలి. మరిగే నీటిలో వేస్తే వంకరపోతాయి. కడిగేటపుడు కింద తువ్వాలు పరిస్తే జారిపడినా పగలవు. ఆశ్రమంలో ఒకరి పళ్ళు మరొకరికి మారకుండా పెట్టెపై పేరు రాయాలి.

కేశాలు, గోళ్ళు, పాదాలు

క్షురకర్మ, నఖచ్ఛేదనం పక్షానికి మూడు పర్యాయాలు జరగాలని చరకుడు విధించాడు. ఇది పుష్టిని, ఆయుష్షును ఇస్తుందని కూడా అన్నాడు. ఆశ్రమాలలో వారానికి ఒకసారైనా గోళ్ళు తీయాలి. గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు నానిన తరువాత అడ్డంగా, సూటిగా కత్తిరించాలి. మూలలు లోతుగా తీస్తే గోరు కండలోకి పెరుగుతుంది.

మధుమేహ రోగుల పాదాలకు నియమాలు వేరు. వారికి స్పర్శ తగ్గి ఉంటుంది కనుక వేడినీటిలో పాదాలు నానబెట్టరాదు. ఆనెలను బ్లేడుతో చెక్కరాదు. వేళ్ళ సందులను తడి లేకుండా తుడవాలి. మడమకు నూనె రాయవచ్చు గాని సందులలో రాయరాదు. ప్రతిదినం అరికాళ్ళను వెలుతురులో చూడాలి. చిన్న బొబ్బ, పగులు, నల్లబడిన మచ్చ కనబడితే ఆనాడే వైద్యునికి చూపించాలి. గృహవైద్యంతో కాలయాపన చేయవలసిన విషయం ఇది కాదు.

తలస్నానానికి కుంకుడు రసం మంచిదే, కాని వడకట్టాలి. కంటిలో పడకుండా తలను వెనుకకు వాల్చి పోయాలి. మంచంపై ఉన్నవారికి తల కింద ప్లాస్టిక్ షీటు పరచి, దాని అంచు బకెట్టులోకి జారవిడిస్తే పక్క తడవదు.

దీనితో ముడిపడిన ఒక విషయం నన్ను చాలా కలతపెడుతుంది. దువ్వడం కష్టమని, పేలు పడుతున్నాయని కొన్నిచోట్ల వృద్ధ స్త్రీల జుట్టును వారి అనుమతి లేకుండానే కత్తిరించివేస్తారు. భర్త పోయిన స్త్రీకి శిరోముండనం చేయించిన కాలం మన సమాజంలో మరీ పురాతనం కాదు. ఆ సంగతులు చూసి, విని పెరిగిన తరం వారు ఇంకా మన మధ్య ఉన్నారు. అటువంటి స్త్రీ తల కత్తెరకు అప్పగించడం అంటే ఏమిటో యువతి అయిన ఆయాకు తెలియకపోవచ్చు. వదులైన జడ, చిన్న ముడి వేయడానికి ఐదు నిమిషాలు చాలు. ఆమె కోరి కత్తిరించుకుంటే అది వేరు. బొట్టు, గాజులు, జందెం, మెడలోని శిలువ, నమాజుకు ముందు చేసే వజూ, ఎవరికి ఏది అలవాటో దానిని దినచర్యలో భాగంగా ఉంచాలి.

పడకపుండు, మలమూత్ర శుద్ధి

కదలలేని వృద్ధులను సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. స్నానం చేయించేటపుడు తల వెనుక భాగం, భుజాల వెనుక ఎముకలు, మోచేతులు, తుంటి, పిరుదుల నడుమ ఎముక, మడమలు చూడాలి. ఎర్రబడిన చోటును వేలితో నొక్కి వదలాలి. ఎరుపు పాలిపోయి తిరిగి వస్తే అది తాత్కాలికం. నొక్కినా పాలిపోకపోతే పడకపుండు ఆరంభమైనట్లే. నల్లని చర్మంపై ఎరుపు కనబడదు కనుక వేడి, వాపు, గట్టిదనం తడిమి తెలుసుకోవాలి. ఆ భాగంపై భారం లేకుండా పడుకోబెట్టి, వైద్యునికి తెలియజేయాలి. గుండ్రని రబ్బరు రింగు కింద పెట్టడం పూర్వపు అలవాటు. ఆ రింగు అంచులే చుట్టూ రక్తప్రసారాన్ని అడ్డగిస్తాయి కనుక అది విడవాలి.

డైపర్ తడిసిన వెంటనే మార్చాలి. స్త్రీలను ఎల్లప్పుడూ ముందు నుండి వెనుకకు తుడవాలి. లేనిచో మలంలోని సూక్ష్మజీవులు మూత్రమార్గానికి చేరుతాయి. కడిగి ఆరబెట్టిన పిదప పలుచగా కొబ్బరినూనె రాస్తే తడి వెంటనే చర్మానికి అంటదు. పక్క తడుపుతున్నారని నీళ్ళు తాగనివ్వకపోవడం సరి కాదు. మూత్రం చిక్కబడి మంట, జ్వరం, మతి తప్పడం సంభవిస్తాయి.

ఒకరి నుండి మరొకరికి

తువ్వాలు, దువ్వెన, రేజరు ఎవరివి వారికే ఉండాలి. ఒకే రేజరు పలువురికి వాడితే రక్తం ద్వారా కామెర్ల వైరస్‌లు సోకే అవకాశం ఉన్నది. రాత్రివేళ పలువురికి దురద పెరిగితే గజ్జి అని అనుమానించాలి. వేపాకు నీళ్ళ స్నానం దురదకు కొంత ఉపశమనమే గాని గజ్జి పురుగును నిర్మూలించదు. వైద్యుడు ఇచ్చే పైపూత మందును ఆశ్రమవాసులు, ఆయాలు అందరూ ఒకేసారి వాడి, బట్టలు, దుప్పట్లు వేడినీటిలో ఉతకాలి.

మీరు చూడబోయినపుడు

నెలకొకసారో, పండుగకో మీ పెద్దలను చూడబోయే కుటుంబీకులకు నా మనవి ఒక్కటే. ఆశ్రమం నేల మెరుపు చూసి తృప్తి పడకండి. దుప్పటి తొలగించి మడమలు చూడండి. గోళ్ళు చూడండి. నోరు తెరవమని అడిగి నాలుక చూడండి. దువ్వెన, తువ్వాలు వారివేనా అని అడగండి. స్నానం ఎవరు చేయిస్తున్నారో ఆమె పేరు తెలుసుకుని, మీ తల్లికి ఏ వేళ స్నానం అలవాటో, నీళ్ళు ఎంత వెచ్చగా ఉండాలో ఆమెకు చెప్పండి. ఒక ఆయా ఎంతమందిని చూసుకోవలసి వస్తున్నదో కూడా విచారించండి. తీరిక లేని చేతికి మృదుత్వం ఉండదు. నిర్లక్ష్యం జరుగుతున్నదని తోస్తే ముందు నిర్వాహకులతో మాట్లాడండి. ఫలితం లేకపోతే వయోవృద్ధుల జాతీయ సహాయవాణి 14567కు ఫోన్ చేయవచ్చును.

వెళ్ళేటపుడు పండ్లతో పాటు ఒక నెయిల్ కట్టరు, చిన్న సీసాతో నువ్వుల నూనె కూడా తీసుకువెళ్ళండి. కుశలప్రశ్నలు ఐదు నిమిషాలలో ముగిసిపోతాయి. ఆ తరువాత వారి పాదాలు ఒడిలో పెట్టుకుని నూనె రాయండి. అరికాళ్ళు తుడవడం మాత్రం మరచిపోకండి.